రాగిచెంబు మీద మూత

ప్రశ్న: మాది జూబ్లీహిల్స్. 1996లో ఇల్లు కట్టుకున్నాం. అప్పట్లో పెరటి గోడ అవతల రాళ్ళు, సీతాఫలం చెట్లు. ఇప్పుడు అటువైపు మెయిన్ రోడ్డు మీద అయిదంతస్తుల బిల్డింగ్, దాని పైన రూఫ్‌టాప్ పబ్. మా పడకగదికీ దానికీ మధ్య అరవై డెబ్భై గజాలు ఉంటుందేమో. బుధ, శుక్ర, శని, ఆదివారాల్లో రాత్రి ఎనిమిదికి మొదలై ఒంటిగంట దాకా పాటలు. పాట వినపడదు, దరువు ఒక్కటే వస్తుంది. కిటికీలన్నీ బిగించుకున్నా దబ్ దబ్‌మని ఛాతీలో కొడుతుంది. మంచం పక్కన రాగిచెంబు మీద మూత సన్నగా చిటచిటలాడుతూ ఉంటుంది. మావారికి రెండేళ్ళ కిందట బైపాస్ అయింది. మనవరాలు ఇంటర్ సెకండియర్, మా దగ్గరే ఉండి చదువుకుంటోంది.

100కి పదకొండు సార్లు ఫోన్ చేశాను. పెట్రోలింగ్ కారు వస్తుంది, సౌండ్ తగ్గుతుంది. కారు సందు మలుపు తిరగ్గానే మళ్ళీ మొదలు. మేనేజరు దగ్గరికి వెళ్తే ‘మాకు ఒంటిగంట దాకా లైసెన్సు ఉందాంటీ, వినాయక చవితికి మీ కాలనీలో పెట్టే మైకు సంగతేమిటి’ అన్నాడు. కాలనీ వాట్సాప్ గ్రూపులో ధర్నా చేద్దామంటున్నారు. ఆడపిల్లలు తాగి రోడ్డున పడుతున్నారు, సంస్కృతి నాశనమైపోతోంది అంటూ ఓ అర్జీ రాసి నన్నూ సంతకం పెట్టమన్నారు. నాకు చెయ్యి రాలేదు. మా చెల్లెలి కొడుకు ఇలాంటి చోట్లే గిటారు వాయించుకుని బతుకుతున్నాడు. వాడి పొట్ట కొట్టాలని నాకు లేదు. అలాగని ఇలా నిద్ర లేకుండా ఎన్నాళ్ళు?

– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు:

అమ్మగారూ,

ఆ అర్జీ మీద సంతకం పెట్టడానికి మీకు చెయ్యి రాకపోవడం మంచిదైంది. చెల్లెలి కొడుకు మీద ప్రేమతో ఆగారు, సరే. ఆ ప్రేమ లేకపోయినా ఆ కాగితం వల్ల మీకు నిద్ర వచ్చేది కాదు. ఎందుకంటే అందులో మీ నిద్ర గురించి ఒక్క మాటా లేదు.

ఇది నేను అనుభవంతో చెబుతున్న మాట. విజయవాడలో ఎనిమిదేళ్ళు ఒక ఫంక్షన్ హాలు వెనక కాపురం ఉన్నాను. మా అమ్మ మంచాన పడిన రోజులవి. పెళ్ళిళ్ళ సీజన్లో రాత్రి పన్నెండున్నరకి డీజే, ఆ పైన టపాకాయలు. మా వీధివాళ్ళం కలిసి ఓ అర్జీ రాశాం. తాగుబోతులు, ఎంగిలాకులు, కార్లు, యువత పాడైపోవడం, దాంతోపాటు శబ్దం. రెండు పేజీలు, పదిహేడు సంతకాలు. అది తీసుకున్న ఆఫీసర్ చదివి ‘దీనిమీద నన్నేం చెయ్యమంటారు?’ అని అడిగారు. అప్పుడు కోపం వచ్చింది గానీ, ఆ ప్రశ్న న్యాయమైనదే. ఆర్నెల్ల తర్వాత నేనొక్కదాన్నే మరో కాగితం ఇచ్చాను. ఫలానా ఫలానా తేదీల్లో రాత్రి పది దాటాక ఇన్ని గంటల దాకా ఆరుబయట స్పీకర్లు మోగాయి, అంతే. దానిమీద కదలిక వచ్చింది. తేదీలుంటే చెయ్యాల్సిన పని కనిపిస్తుంది. కోపం ఎంతున్నా కనపడదు.

కాబట్టి ముందు మీ మనసులో రెంటినీ విడదీయండి. పబ్బు ఉండటం వేరు, దాని చప్పుడు మీ పడకగదిలోకి రావడం వేరు. అక్కడ ఎవరు తాగుతున్నారు, ఏం బట్టలు వేసుకున్నారు, ఎన్నింటికి ఇంటికి పోతున్నారు అనేది మీ ఫిర్యాదు కాదు, కాకూడదు కూడా. మీ మనవరాలు రేపు ఉద్యోగంలో చేరి స్నేహితులతో కలిసి శనివారం రాత్రి ఎక్కడికైనా వెళ్ళొచ్చు. ఆ అర్జీలో రాసిన మాటలు ఆ పిల్ల మీద కూడా పడతాయి. మీ ఫిర్యాదు ఒక్కటే: ఆ చెంబు మీద మూత మోగకూడదు.

ఇప్పుడు మేనేజరు మాట సంగతి. ‘ఒంటిగంట దాకా లైసెన్సు ఉంది’ అన్నాడు. ఆ లైసెన్సు మందు పోయడానికి, తిండి పెట్టడానికి. పాట పెట్టడానికి కాదు. హైదరాబాద్‌లో బార్లు మామూలు రోజుల్లో రాత్రి పన్నెండు దాకా, శుక్ర, శనివారాల్లో ఒంటిగంట దాకా తెరిచి ఉంచొచ్చని ఎక్సైజ్ వాళ్ళు అనుమతిస్తారు. (మీరు రాసినదాన్నిబట్టి బుధ, ఆదివారాలు కూడా ఒంటిగంట దాకా నడుస్తోంది. లైసెన్సు మీద ఏ వేళలున్నాయో కూడా అడగండి.) సౌండ్‌కి ఉన్న చట్టం పూర్తిగా వేరే. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల్లో రాత్రి అంటే పది నుంచి పొద్దున ఆరు. ఆ వేళల్లో లౌడ్‌స్పీకర్ గానీ, సౌండ్ సిస్టం గానీ, వాయిద్యం గానీ వాడకూడదని అయిదో నియమం. మినహాయింపు దేనికయ్యా అంటే నాలుగు గోడల మధ్య, లోపలివాళ్ళకి మాత్రమే వినిపించేలా వాడుకునే ఆడిటోరియంలు, కాన్ఫరెన్స్ హాళ్ళు, బాంక్వెట్ హాళ్ళ లాంటి చోట్లకి. రూఫ్‌టాప్ అంటే పైన ఆకాశమే కదా. గోడల మధ్య హాలు అని దాన్ని ఎవరూ అనలేరు.

ఇది మీకు చాలా ముఖ్యం, ఎందుకో చెబుతాను. అందరూ చప్పుడుని కొలిచే డెసిబెళ్ళ గురించే మాట్లాడతారు. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45, కమర్షియల్ ప్రాంతంలో పగలు 65, రాత్రి 55 అని ఆ నియమాల్లోనే హద్దులున్నాయి. కానీ మిమ్మల్ని బాధపెడుతున్న చప్పుడు ఆ హద్దులకి దొరక్కపోవచ్చు. మీరు రాసిన ‘పాట వినపడదు, దరువు ఒక్కటే’ అన్న వాక్యంలోనే అసలు సంగతంతా ఉంది.

పాటలో గొంతు, గిటారు పైస్థాయి శబ్దాలు. వాటిని గోడ, కిటికీ అద్దం చాలావరకు ఆపేస్తాయి. కింది స్థాయి బేస్ అలా కాదు. 60 హెర్ట్జ్ (సెకనుకి అరవై కంపనాల) చప్పుడు తీసుకుంటే దాని ఒక్కో అల పొడవు అయిదున్నర మీటర్ల పైనే, అంటే మీ పడకగది కంటే పెద్దది. దానికి కిటికీ అద్దం ఓ లెక్క కాదు. ఊఫర్లు, అంటే బేస్ పలికే పెద్ద స్పీకర్లు, నేరుగా స్లాబు మీద పెడితే ఆ బిల్డింగ్ స్లాబు కూడా మోగుతుంది. రూఫ్‌టాప్ మీద చుట్టూ అడ్డుగోడ ఉండదు కాబట్టి నలువైపులకీ పాకుతుంది. అందుకే మూత మోగుతోంది, అందుకే ఛాతీలో కొడుతోంది. మీది ముసలితనపు చాదస్తమని ఎవరైనా అంటే నమ్మకండి.

మరి చప్పుడు కొలిచే మీటరు ఏం చూపిస్తుంది? చట్టం చెప్పే డెసిబెళ్ళు మనిషి చెవిని అనుకరించే ‘ఏ’ కొలతలో ఉంటాయి. మన చెవి కింది స్థాయి చప్పుళ్ళకి మొద్దు కాబట్టి మీటరు వాటిని తగ్గించి లెక్కేస్తుంది. 63 హెర్ట్జ్ దగ్గర దాదాపు 26 డెసిబెళ్ళు కోసేస్తుంది. అంటే మీ గదిలో బేస్ గుద్దుతున్నా, మీటరు మీద అంకె బుద్ధిగా హద్దులోనే కనిపించే అవకాశం ఉంది. పైగా పబ్బు వాళ్ళు మీ ఇల్లు కూడా కమర్షియల్ జోన్ కిందికే వస్తుందని వాదిస్తారు. ఆ తగాదాలోకి దిగితే ఏడాది గడిచిపోతుంది. గడియారంతో ఆ తగాదా లేదు. రాత్రి పది దాటాక ఆరుబయట స్పీకరు మోగిందా లేదా, అంతే. మోగినట్టు మీ ఫోనులో తీసిన వీడియో చాలు. కిటికీలోంచి ఆ రూఫ్‌టాప్, గోడ గడియారం, చిటచిటలాడే చెంబు మూత, మూడూ ఒకే వీడియోలో వచ్చేలా తీయండి.

మీ పేటలో ఈ విషయం కోర్టు దాకా వెళ్ళిందన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. జూబ్లీహిల్స్ నివాసుల పిటిషన్ మీద 2022 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు రాత్రి పది నుంచి ఆరు దాకా పబ్బుల్లో సౌండ్ పెట్టొద్దని మధ్యంతర ఆదేశం ఇచ్చింది. మందు అమ్ముకోవచ్చు, చప్పుడు కుదరదు అని. తర్వాత అప్పీలులో దాని పరిధిని జూబ్లీహిల్స్‌లోని కొన్ని పబ్బులకి కుదించారు. మీ వెనక ఉన్నది ఆ జాబితాలో లేకపోయినా ఫర్వాలేదు. అయిదో నియమం అందరికీ ఉంది. ఇంకా వెనక్కి వెళ్తే, 2005 జులైలో సుప్రీంకోర్టు శబ్ద కాలుష్యం మీద ఇచ్చిన తీర్పు ఉంది. ఇష్టం లేని చప్పుడు వినితీరాలని ఎవరినీ బలవంతపెట్టే హక్కు ఎవరికీ లేదని, ప్రశాంతంగా బతకడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని ఆ తీర్పు సారం.

ఇక కాగితం పని. రేపటి నుంచి రెండు వారాలు ఒక నోటుబుక్కు పెట్టండి. తేదీ, మొదలైన టైము, ఆగిన టైము, ఏ గదిలో ఉన్నారు, మీవారు లేచారా, 100కి ఎన్నింటికి చేశారు, కారు ఎప్పుడొచ్చింది, వెళ్ళాక ఎన్ని నిమిషాలకి మళ్ళీ మొదలైంది. చప్పుడు లేని సోమ, మంగళవారాలు కూడా రాయండి, అప్పుడే తేడా కనిపిస్తుంది. ఫోనులో డెసిబెల్ యాప్ వాడుతుంటే ఆ అంకెలు మీ అవగాహనకే ఉంచుకోండి, ఫిర్యాదులో వాటిమీద ఆధారపడొద్దు. ఫోను మైకు మాట కోసం చేసింది, బేస్ దానికి సరిగా అందదు.

రెండు వారాలయ్యాక అర పేజీ రాయండి. ఇలా ఉంటే చాలు: ‘నేను ఫలానా చిరునామాలో 1996 నుంచి నివసిస్తున్నాను. ఫలానా భవనం పైకప్పు మీద, ఆరుబయట, రాత్రి పది గంటల తర్వాత సౌండ్ సిస్టం వాడుతున్నారు. తేదీలు, వేళలు జతపరిచాను. ఇది శబ్ద కాలుష్య నియమాలు 2000లోని 5వ నియమానికి విరుద్ధం. 7వ నియమం కింద ఈ ఫిర్యాదు ఇస్తున్నాను, తగిన చర్య తీసుకుని నాకు లిఖితపూర్వకంగా తెలియజేయగలరు.’ అందులో మీవారి ఆపరేషన్ గురించి ఒక్క వాక్యం చేర్చి డిశ్చార్జ్ సమ్మరీ కాపీ పెట్టండి. మందు మాట, అమ్మాయిల మాట, సంస్కృతి మాట వద్దు.

దీన్ని పోలీస్ స్టేషన్లో ఇచ్చి ఊరుకోకండి. ఈ నియమాల కింద అధికారం డీఎస్పీ హోదాకి తగ్గని ఆఫీసర్లకి ఉంటుంది, నగరంలో అంటే ఏసీపీ. కాబట్టి ఏసీపీ పేరు మీద రాసి, ఒక కాపీ కాలుష్య నియంత్రణ మండలికి, ఒకటి ఎక్సైజ్ వాళ్ళకి, ఒకటి జీహెచ్‌ఎంసీకి ఇవ్వండి. ప్రతిచోటా రెండో కాపీ మీద ఇన్‌వార్డ్ స్టాంపు వేయించుకోండి. స్టాంపు లేని కాగితం ఇవ్వని కాగితంతో సమానం. జీహెచ్‌ఎంసీలో సోమవారం ప్రజావాణికి వెళ్తే స్టాంపు ఇబ్బంది లేకుండా పడుతుంది. కాలుష్య మండలి వాళ్ళని శనివారం రాత్రి పది దాటాక వచ్చి కొలవమనండి. వచ్చినప్పుడు ‘ఏ’తో పాటు ‘సీ’ కొలత కూడా తీయమనండి. ‘సీ’లో బేస్‌ని పెద్దగా కోయరు. రెండు అంకెల మధ్య తేడా పదిహేను ఇరవై దాటితే అది బేస్ అని ఎవరికైనా అర్థమవుతుంది. పగలు మూడింటికి మీటరు పట్టుకుని వచ్చి కొలుచుకుపోతే మర్యాదగా తిరిగి రాయండి.

ఇంకొకటి. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో ఆ భవనానికి మంజూరైన ప్లాన్, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనం వాడుకోవచ్చనే పత్రం), ఫైర్ ఎన్ఓసీ (అగ్నిమాపక శాఖ అనుమతి), ట్రేడ్ లైసెన్సు కాపీలు అడగండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. మంజూరైన ప్లాన్‌లో ఆ పైకప్పు ఏమని ఉందో చూడండి. ఒట్టి టెర్రస్ అని ఉంటే మీ మాటకి బలం వస్తుంది. ఇది మూయించడానికి కాదు, రేపు యజమానితో కూర్చున్నప్పుడు ఆయన మీ మాట శ్రద్ధగా వినడానికి.

మేనేజరు అన్న రెండో మాట, వినాయక చవితి మైకు. ఆ మాట మీకు గుచ్చుకుంది కాబట్టే ఉత్తరంలో రాశారు. అది న్యాయమైన మాటేనమ్మా. ఒప్పుకోవాలి. మన చప్పుడు భక్తి, వాళ్ళ చప్పుడు పాపం అనుకుంటే మన ఫిర్యాదుకి విలువ ఉండదు. బైపాస్ అయిన గుండెకి మండపం స్పీకరైనా పబ్బు ఊఫరైనా ఒకటే. పండుగలకి రాష్ట్ర ప్రభుత్వం రాత్రి పది నుంచి పన్నెండు దాకా అనుమతి ఇవ్వొచ్చు, అదీ ఏడాది మొత్తానికి పదిహేను రోజులు మించకుండా. అంతకుమించి పండుగకి కూడా చోటు లేదు. 2024లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలనే నిషేధించారు. కాబట్టి పబ్బు దగ్గరికి వెళ్ళే ముందు మీ కాలనీ కమిటీ మీటింగులో ఒక తీర్మానం రాయించండి: మా మండపంలో, మా క్లబ్‌హౌస్‌లో, మా ఇళ్ళ సంగీత్‌లలో కూడా పదికి స్పీకర్లు బంద్. మినిట్స్ బుక్కులో రాసి సంతకాలు తీసుకోండి. ధర్నాకి వస్తామన్నవాళ్ళలో ఎంతమంది దీనిమీద సంతకం పెడతారో చూడండి. పెట్టినవాళ్ళనే మీ వెంట తీసుకెళ్ళండి.

ధర్నా వద్దని నా గట్టి అభిప్రాయం. పబ్బు ముందు నినాదాలు చేస్తే ఆ రాత్రి పేపర్లో ఫోటో వస్తుంది. మర్నాటి నుంచి యజమాని మీ మొహం చూడడు. పైగా అక్కడ ధర్నా చేసేటప్పుడు ఎదురుపడేది యజమాని కాదు. గేటు దగ్గర వ్యాలే పార్కింగ్ కుర్రాళ్ళు, శ్రీకాకుళం నుంచో మణిపూర్ నుంచో వచ్చి ప్లేట్లు మోసే పిల్లలు, బౌన్సర్లు. రాత్రి ఒంటిగంటకి షట్టరు దించి, కుర్చీలు ఎత్తి, గిన్నెలు కడిగి రెండున్నరకి గదికి చేరి పడుకునేవాళ్ళు. వాళ్ళ నిద్ర గురించి ఎవరూ అర్జీ రాయడం లేదు. మీ చెల్లెలి కొడుకు ఆ వరసలోని వాడే. పదింటికి ఆరుబయట సౌండ్ ఆగితే అతని పొట్ట కొట్టినట్టా అని మీరు భయపడుతున్నారు. అతనితోనే మాట్లాడండి. గిటారు వాయించేవాళ్ళ కార్యక్రమం ఏడున్నరకో ఎనిమిదికో మొదలై పదికి ముగియొచ్చు, ఆ తర్వాత ఏదైనా ఉంటే లోపలి అంతస్తుకి మారొచ్చు. పేటవాళ్ళ ఫిర్యాదుతో మొత్తం సీల్ పడితే అందరికంటే ముందు పని పోయేది వాయించేవాడికి. అంతదాకా రాకుండా చూడటం అతనికి కూడా అవసరం.

ఇంగ్లండులో 2018లో ప్లానింగ్ విధానంలో ఒక నియమం చేర్చారు. ఎవరు తర్వాత వచ్చారో వాళ్ళే చప్పుడు ఆపే ఖర్చు భరించాలి. పాత మ్యూజిక్ హాలు పక్కన కొత్తగా అపార్ట్‌మెంట్లు కడితే ఆ బిల్డరే మంచి కిటికీలు పెట్టాలి, ఇళ్ళ మధ్యకి కొత్తగా పబ్బు వస్తే ఆ పబ్బే గోడలు సరిచేసుకోవాలి. మనకి అలాంటి నియమం లేదు గానీ, న్యాయం ఎక్కడైనా అదే. మీరు 1996లో వచ్చారు. యజమానితో మాట్లాడేటప్పుడు ఈ మాట చెప్పండి. అలాగే రేపు మీ పక్క ఖాళీ స్థలంలో ఎవరైనా కొత్తగా ఫ్లాట్లు కట్టి అదే పబ్బు మీద కేసు వేస్తే, ఆ పబ్బు పక్షాన మాట్లాడటానికి కూడా సిద్ధంగా ఉండండి.

యజమానిని కలవడానికి రాత్రి వెళ్ళొద్దు. మంగళవారం మధ్యాహ్నం నాలుగింటికి, సరుకులు దిగే వేళకి వెళ్ళండి. అప్పుడు వాళ్ళకీ తీరిక ఉంటుంది, మీకూ కోపం తక్కువగా ఉంటుంది. మేనేజరుతో కాదు, యజమానితోనే మాట్లాడాలని ముందే ఫోన్ చేసి చెప్పండి. స్టాంపు పడిన కాగితాలు సంచిలో ఉంచుకోండి, ముందే బయటికి తీయొద్దు.

ఏం అడగాలంటే, పది దాటాక రూఫ్‌టాప్ మీద స్పీకర్లు ఉండకూడదు, పాట కావాలనుకునేవాళ్ళని కింది అంతస్తులోకి, తలుపులు మూసిన హాల్లోకి దించమనండి. ఆ హాలుకి రెండు తలుపుల గది ఉండాలి, ఒకటి తెరిచినప్పుడు రెండోది మూసి ఉండేలా. ఊఫర్లు స్లాబు మీద నేరుగా కాకుండా మందమైన రబ్బరు దిమ్మల మీద పెట్టించండి. రెండు పెద్ద స్పీకర్లు మీ ఇంటివైపు తిప్పి పెట్టే బదులు చిన్నవి ఎక్కువగా, టేబుళ్ళ మీదికి కిందికి వంచి పెడితే, అక్కడ కూర్చున్నవాళ్ళకి పాట అంతే బాగా వినిపిస్తుంది, అరవై గజాల అవతలికి తక్కువ వస్తుంది. లిమిటర్ అని ఒక పెట్టె ఉంటుంది. దాంట్లో ఒక హద్దు పెట్టి తాళం వేస్తే, తాగిన ఊపులో ఏ డీజే నాబ్ తిప్పినా అంతకుమించి సౌండ్ పోదు. దాని తాళంచెవి డీజే దగ్గర కాక యజమాని దగ్గర ఉండాలి. ఇందులో పబ్బు మూతపడేంత ఖర్చు ఏదీ లేదు.

రోడ్డు మీది గోల గురించి మీరు రాయలేదు గానీ, సౌండ్ తగ్గాక అది వినపడటం మొదలవుతుంది, ఇప్పుడే చెబుతున్నాను. ఒంటిగంటకి బయటికొచ్చినవాళ్ళు కార్ల కోసం ఆగి గట్టిగా మాట్లాడతారు, క్యాబులు హారన్ కొడతాయి, బైకు సైలెన్సర్లు. అన్నిటికంటే ఘోరం ఖాళీ సీసాలు. రెండింటికి వంటింటి వెనక డ్రమ్ములోకి సీసాల బస్తా బోర్లించిన చప్పుడుకి గాఢ నిద్రలో ఉన్నవాడు కూడా లేచి కూర్చుంటాడు. సీసాలు పొద్దున ఎనిమిది తర్వాతే పారబోయమనండి. క్యాబులు ఎక్కే చోటు మీ సందులో కాకుండా మెయిన్ రోడ్డు వైపుకి మార్చమనండి. ఆమ్‌స్టర్‌డామ్‌లో పబ్బులు కిక్కిరిసిన రెంబ్రాంట్ కూడలిలో రాత్రుళ్ళు ప్రత్యేకంగా మనుషుల్ని పెట్టి, వచ్చేపోయేవాళ్ళకి దారి చూపిస్తూ గొడవ పెరగకుండా చూసే పద్ధతి నడిపారు. మీ దగ్గర అంత అక్కర్లేదు. గేటు దగ్గర ఒక మనిషి నిలబడి ‘సార్, ఇళ్ళున్నాయి, కాస్త మెల్లగా’ అంటే చాలామంది మెల్లగానే వెళ్తారు. ఈ మాట పోలీసు కంటే వాళ్ళ సిబ్బంది చెబితేనే వింటారు.

రెండు నెలలకి కూడా దారికి రాకపోతే అప్పుడు లాయరు. హైకోర్టులో రిట్ వేయొచ్చు, చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ మండలికీ వెళ్ళొచ్చు, సివిల్ కోర్టులో ఇంజంక్షన్ (ఆపమనే ఉత్తర్వు) అడగొచ్చు. అప్పుడు మీ నోటుబుక్కు, స్టాంపు పడిన కాపీలు, కాలనీ తీర్మానం, సమాచార హక్కు జవాబులు మీ లాయరుకి బంగారంలా పనికొస్తాయి. ఖర్చు నలుగురూ పంచుకోండి.

ఈలోగా మీవారి సంగతి. రాత్రి చప్పుడు మనిషిని లేపకపోయినా గుండె వేగాన్ని, రక్తపోటుని పెంచుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2009లోనే రాత్రిపూట ఇంటి బయట చప్పుడు 40 డెసిబెళ్ళు దాటకుండా చూడాలని చెప్పింది. మీ కార్డియాలజిస్టుకి ఈ విషయం తప్పకుండా చెప్పండి, బీపీ రాసుకునే పుస్తకం ఉంటే పబ్బు మోగే రోజుల్లోనూ, మోగని రోజుల్లోనూ తీసి చూపించండి. నిద్రమాత్రలు మీ అంతట మీరు వేయొద్దు. దూది, ఇయర్‌ప్లగ్గులు మాటల్ని ఆపుతాయి గానీ బేస్‌ని పెద్దగా ఆపలేవు. మంచం ఇంటి ముందువైపు గదికి మార్చండి, మధ్యలో రెండు గోడలు వస్తాయి. పెరటి వైపు గది మనవరాలిదైతే పరీక్షల దాకా ఆ పిల్లకి కూడా ముందుగదే ఇవ్వండి. ముప్పై ఏళ్ళుగా పడుకున్న గది వదలాలంటే మీకు కష్టంగా ఉంటుందని తెలుసు. ఇది తాత్కాలికమే, ఫిర్యాదులో కూడా ఆ మాట రాయండి: మా పడకగది మేము వాడుకోలేకపోతున్నాం అని.

చివరిగా చెల్లెలి కొడుకు గురించి. ఈ పనిలో మీకు అతని అవసరం ఉంది. యజమాని ఒప్పుకున్నాక లిమిటర్‌లో హద్దు ఎంత పెట్టాలో తేల్చాలి కదా. అది పబ్బులో నిలబడి తేల్చకూడదు, మీ పడకగదిలోంచి తేల్చాలి. పబ్బు ఖాళీగా ఉండే మంగళవారం సాయంత్రం, తొమ్మిది ప్రాంతంలో, రోడ్డు మీద బళ్ళు పలచబడ్డాక పెట్టుకోండి. యజమానినో మేనేజరునో మీ ఇంటికి పిలిచి ఆ మంచం పక్కన కూర్చోబెట్టండి, కాఫీ ఇవ్వండి. మీవాడు అక్కడ మిక్సర్ దగ్గర ఉంటాడు. బేస్ ఎక్కువ ఉన్న పాట ఒకటి పెట్టి మెల్లమెల్లగా పెంచుకుంటూ పోవాలి. చెంబు మీద మూత కదిలిన క్షణాన ఫోనులో ఆగమనండి. అక్కడి నుంచి ఇంకొంచెం తగ్గించి, దరువు ఎవరికీ వినపడని చోట గుర్తు పెట్టి తాళం వేయించండి. కింది అంతస్తు హాలుకి ఒకసారి, పదికి ముందు వాడే రూఫ్‌టాప్‌కి ఒకసారి, రెండూ ఆ రోజే చేయించండి. తర్వాత వచ్చే శనివారం రాత్రి ముందుగదిలో కాకుండా మీ పాత గదిలోనే పడుకుని చూసి, ఎలా ఉందో నోటుబుక్కులో రాసి, నాకూ ఒక ఉత్తరం రాయండి.